బండి కూసున్నది

మిర్యాలగూడలో మా మేనమామ రైసుమిల్లు వెనక, ఊక కుప్పల పక్కన రేకుల షెడ్డులో ఏళ్ల తరబడి నిలిచిపోయిన నల్లటి జర్మనీ కారు, 2019 ఎండాకాలంలో పాత ఇనుము కింద తూకానికి పోయింది. ఈ కథ ముగింపు అదే. ఏదో ఒక మలుపులో అది గట్టెక్కుతుందని చదివేవాళ్లు ఆశ పెట్టుకోకూడదని ముందే చెబుతున్నాను. నేను మాత్రం ఆ ఆశ ఇంకా వదులుకోలేదు. అంతా అయిపోయాక కూడా, ఫలానా రోజు ఆ ఒక్క పని చేసి ఉంటే, ఫలానా మనిషి చెప్పిన ఆ ఒక్క మాట విని ఉంటే అని మనసు వెనక్కి నడుస్తూనే ఉంటుంది.

దాని ఇంజను చావలేదు. చివరి రోజున కూడా బయటి బ్యాటరీ తగిలించి తాళం తిప్పితే ఆరు సిలిండర్లూ ఒకే గొంతుతో పలికాయి. గేర్లు అరగలేదు. తోలు సీట్లు కుట్టు విడలేదు. తలుపు వేస్తే చివరిదాకా అదే బరువైన చప్పుడు. ఇన్ని మంచి అవయవాలున్న బండిని నేలకు దించింది, ముందు ఎడమ చక్రం పైన, రబ్బరు తిత్తి మడతలో పడ్డ గోటి గీతంత పగులు. ఆ పగులును అందరం చూశాం. చూసి కూడా పోనిచ్చాం.

అది 2002లో తయారైన కారు. మామ 2010లో హైదరాబాదులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. భూముల ధరలు లేచి, చేతిలో నాలుగు డబ్బులు ఆడిన ఆ కాలంలో, నగరంలో మొదటి యజమానులు వదిలేసిన ఇలాంటి పెద్ద కార్లు మెల్లగా జిల్లాల దారి పట్టాయి. మామ దాన్ని హోదా కోసం కొన్నాడని కొందరు అనుకున్నారు. కానీ చిన్నప్పుడు వడ్ల బస్తాల లారీ మీద, పట్టా చివర పట్టుకుని రాత్రంతా ఎగిరెగిరి పడుతూ తిరిగిన మనిషి ఆయన. నడుము నొప్పి ఆయనకు ఆ రోజుల నుంచే ఉంది. ఈ కారులో మొదటిసారి కూర్చుని నార్కెట్‌పల్లి దాకా పోయి వచ్చాక, దిగకుండా కాసేపు అట్లాగే కూర్చుండిపోయాడు. "అల్లుడా, ఇన్నేండ్లకు నా నడుముకు సెలవు దొరికిందిరా" అన్నాడు.

ఆ కారు నడక అటువంటిది. పొద్దున తాళం తిప్పగానే, నడుము సర్దుకుని లేచే పెద్దమనిషిలా, ముందు వైపు కొంచెం, వెనక వైపు కొంచెం పైకి లేచి, తన ఎత్తు తాను చూసుకుని కదిలేది. అద్దంకి రోడ్డు మీద సిమెంటు లారీలూ వడ్ల లారీలూ నలిపి నలిపి గాళ్లు పెట్టిన తారు మీద కూడా దానిలో కూర్చున్నవాళ్లకు రోడ్డు తెలిసేది కాదు. 2012లో మామ తన కూతురిని పాలమూరుకు ఇచ్చాడు. అప్పగింతలయ్యాక, దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా పెళ్లికూతురు ఈ కారులోనే అత్తగారింటికి పోయింది. పక్కన మా అమ్మమ్మ. రెండు మోకాళ్లూ పట్టేసి బస్సెక్కడం మానేసిన మనిషి. చేతిలో స్టీలు గిలాసతో మజ్జిగ పట్టుకుని, తాగుదామనుకుంటూనే నిద్రపోయింది. ఊరూరి స్పీడ్ బ్రేకర్లూ, దుందుభి వాగు వైపు ఎగుడుదిగుడు దారీ దాటినా గిలాసలో మజ్జిగ ఒలకలేదు. మా ఇంట్లో ఆ కారును గురించి ఎన్ని మాటలు మిగిలినా, ఒలకని ఆ మజ్జిగను మించిన మాట లేదు.

ఆ సుఖమంతా గాలిది. ఇనుప స్ప్రింగు ఉండాల్సిన చోట నాలుగు మూలలా నాలుగు రబ్బరు తిత్తులు. మెకానిక్కులు వాటిని బెలోస్ అంటారు. ముందు చక్రం దాపున ఒక చిన్న కంప్రెసర్ గాలిని పీల్చి, తేమ లాగేసే గుళికల గుండా పంపుతుంది. అక్కడి నుంచి వాల్వ్ బ్లాక్ ఆ గాలిని ఏ మూలకు ఎంత కావాలో అంత పంచుతుంది. బండి ఎత్తును సెన్సర్లు కొలుస్తుంటాయి. నలుగురు ఎక్కితే గాలి పెరుగుతుంది, దిగితే తగ్గుతుంది. ఈ ఏర్పాటులో కంప్రెసర్ ఎప్పుడూ తిరుగుతూ ఉండే మోటారు కాదు. అది కాసేపు తిరగాలి, ఆగాలి, చల్లబడాలి. దానికి ఆ విశ్రాంతి దొరకాలంటే తిత్తులు గాలిని పట్టి ఉంచాలి. అక్కడ చిన్న చిల్లు పడ్డా ఇక్కడ మోటారుకు నిద్ర ఉండదు.

రబ్బరుకు ఆయుష్షు ఉంది. బండి కదిలిన ప్రతిసారీ తిత్తి అంచు లోపలికి మడుచుకుని మళ్లీ విప్పుకుంటుంది. కోట్లసార్లు మడిచిన చోటే బీటలు పడతాయి. నల్లగొండ ఎండాకాలం నలభై అయిదు డిగ్రీలకు ఎక్కుతుంది. నల్లరాళ్ల గుట్టల నడుమ తారు సెగ కక్కుతుంది. జర్మనీ చలిలో పుట్టిన రబ్బరు ఆ వేడికి గట్టిపడి, సాగడం మరిచిపోతుంది. ఇది ఎవరి తప్పూ కాదు. వయసు. తప్పులు ఆ తర్వాత మొదలయ్యాయి.

2014 చలికాలంలో ఒక తెల్లవారుజామున డ్రైవరు వచ్చి మామను లేపాడు.

"సేటూ, ముందర ఎడమ దిక్కు బండి కూసున్నది. రాత్రి పెట్టినప్పుడు మంచిగనే ఉండె."

మామ వచ్చి చూసేలోపు డ్రైవరు స్టార్ట్ చేశాడు. బండి మెల్లగా లేచి సమంగా నిలబడింది. మామ నవ్వాడు. డ్రైవరు నవ్వలేదు. సబ్బు కలిపిన నీళ్లు తెచ్చి, స్టీరింగు ఒక పక్కకు తిప్పి, చక్రం వెనక సందులోకి చెయ్యి పెట్టి తిత్తి మీద తడిపాడు. నేనూ వంగి చూశాను. నల్లటి రబ్బరు మడతలో ముందు ఏమీ లేదు. తర్వాత సన్నటి నురగ గీత. ఆ గీత నడుమ ఒక బుడగ పుట్టి, పెసరగింజంత, కందిగింజంత పెరిగి, చప్పుడు లేకుండా పగిలి, మళ్లీ అక్కడే పుట్టింది. డ్రైవరు ఆ చోటు వేలితో చూపించి, "ఇప్పుడైతే గిదొక్కటే, సేటూ" అన్నాడు.

నిజంగానే అప్పటికి అదొక్కటే. ఆ తిత్తి ఒక్కటి మార్చి ఉంటే, జోడుగా కుడివైపుది కూడా మార్చి ఉంటే, ఈ కథ లేదు. కంపెనీది కొనలేకపోతే తిత్తి బిగించి ఉండే పాత స్ట్రట్‌కు కొత్త రబ్బరు ఎక్కించి ఇచ్చేవాళ్లు ఉన్నారు. బయటి తయారీలూ దొరుకుతాయి. కానీ అది వానాకాలం వడ్లు మిల్లుకు వచ్చి పడుతున్న సమయం. గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. "పొద్దుగాల ఒక్కసారి లేస్తది గదా. నడువనియ్యి. సీజన్ అయినంక చూద్దాం" అన్నాడు మామ. ఆ మాటలో నిర్లక్ష్యం లేదు. రైతు వడ్లు తడవక ముందే దించాలన్న తొందర ఉంది. అందుకే ఆ మాటను ఇప్పుడు తలుచుకుంటే కోపం రాదు, దుఃఖం వస్తుంది.

గాలి సంగతి తెలియని మనిషైతే ఇంత బాధ ఉండకపోవును. మామ మిల్లులో సార్టెక్స్ మిషను ఉంది. బియ్యం దానిలోంచి జారుతుంటే నల్లగింజను కెమెరా పట్టుకుంటుంది. గాలి సూదిపోటులా తగిలి ఆ ఒక్క గింజనూ పక్కకు తోస్తుంది. ఆ గాలి కోసం పెద్ద కంప్రెసరు. ప్రతి ఉదయం ట్యాంకు కింది వాల్వు తిప్పి నీరు వదలాలి, డ్రయ్యరు చూడాలి, పైపుల్లో ఎక్కడ 'స్స్' మని వినబడినా ఆ పూటే బిగించాలి. లేకపోతే తేమ లోపలికి పోయి వాల్వులు పట్టేస్తాయి, బియ్యంలో నల్లగింజ కలుస్తుంది. మామ ఈ పని ఎవరికీ అప్పగించలేదు, స్వయంగా చూసుకున్నాడు. అదే గాలి, అదే కంప్రెసరు, అదే తేమ. మిల్లుకు పెట్టిన ఆ చెవి, షెడ్డు దాకా ఓ యాభై అడుగులు నడిచి వస్తే సరిపోయేది.

సీజన్ అయిపోయింది. యాసంగి వచ్చింది. మడతలో పగులు పెరిగింది. రాత్రికి కూర్చునే బండి మధ్యాహ్నానికే కూర్చోసాగింది. తిత్తి వదిలేసిన గాలిని కంప్రెసర్ మళ్లీ మళ్లీ నింపుతోంది. దాని గొంతు మారింది. మునుపు బానెట్ దగ్గర చెవి పెడితే తప్ప వినపడని మోటారు, ఇప్పుడు వాకిట్లో కూర్చున్నవాళ్లకు కూడా అరుస్తున్నట్టు వినబడింది.

2015 వేసవిలో, హైదరాబాదు పోతూ నార్కెట్‌పల్లి దగ్గర ఆగినప్పుడు, బెజవాడ రోడ్డు మీద పెద్ద బస్సులు చూసే ఒక ముసలి మెకానిక్కు ఆ అరుపు విని తనంతట తానే దగ్గరికి వచ్చాడు. వంగి చూసి, చెయ్యి తుడుచుకుంటూ చెప్పాడు: "సేటూ, గాలి పోయే తావు ఇడిచిపెట్టి మోటారు మీద భారమేస్తున్నరు. మా బస్సులకు బెలోస్ పగిలితే ఆ రాత్రికే మారుస్తం, తెల్లారేదాక ఉంచం. ఇది గూడ అంతే. ముందు చిల్లు సంగతి చూడుండ్రి." ఎవరూ అడగకుండా, పైసా తీసుకోకుండా ఇచ్చిన సలహా అది. మామ తలూపాడు. హైదరాబాదులో పని ఉంది, ఆలస్యమవుతోంది.

ఆ ఎండాకాలం ముగియకముందే, కంప్రెసరుకు కరెంటు అందించే రిలే పాయింట్లు వేడికి అతుక్కుపోయాయి. రిలే అతుక్కుంటే, ఆగమని కంప్యూటరు చెప్పినా మోటారు ఆగదు. షెడ్డులో రాత్రి ఎప్పుడో, ఎవరూ వినని వేళ, అది తిరిగి తిరిగి కాలిపోయింది. పొద్దున బండి నాలుగు మూలలా నేలకు ఆనుకుని ఉంది. నగరంలో చూసినవాళ్లు కంప్యూటరు తగిలించారు. కంప్రెసర్ పోయిందని తెర మీద వచ్చింది. కంప్రెసర్ మార్చారు. తెర అబద్ధం చెప్పలేదు, కానీ మొదట చచ్చిందాన్ని చూపలేదు. చిల్లు చిల్లుగానే ఉంది.

కొత్త కంప్రెసర్ పడ్డాక బండి మళ్లీ లేచింది. ఇంట్లో పండగ. మామ మా అందరినీ ఎక్కించుకుని పాలమూరు పోయి కూతురిని చూసి వచ్చాడు. దారిలో పిల్లలమర్రి దగ్గర ఆపి, మర్రి నీడలో బండిని నిలబెట్టి, దూరం నుంచి చూసుకున్నాడు. ఆ ప్రయాణం తలుచుకుంటేనే నాకు గొంతు పట్టుకుంటుంది. ఆ నవ్వుల కింద, చక్రం వెనక చీకట్లో, బుడగ పుడుతూ పగులుతూ పుడుతూనే ఉంది. 2016 వేసవిలో రెండో కంప్రెసరూ కాలింది. ఈసారి తేమ వాల్వ్ బ్లాకు దాకా పోయింది. ఒక్క తిత్తితో పోవాల్సిన ఖర్చు ఇప్పుడు తిత్తులు, కంప్రెసరు, రిలే, వాల్వ్ బ్లాకు అన్నీ కలిసిన ఖర్చయింది.

అప్పుడు ఒకరు స్ప్రింగుల మాట ఎత్తారు. గాలి సామానంతా పీకేసి, నాలుగు మూలలా ఇనుప స్ప్రింగులు వేస్తే బండి నడుస్తుంది, ఇక కూర్చోదు. ఈ దారి పట్టిన కార్లు ప్రపంచంలో కొత్త కాదు. 1957లో క్యాడిలాక్ కంపెనీ ఎల్డొరాడో బ్రూమ్ అనే కారును నాలుగు గాలి తిత్తుల మీద నిలబెట్టింది. ధర పదమూడు వేల డాలర్ల పైమాట. ఆ ఏడాదీ మరుసటి ఏడాదీ కలిపి చేసింది 704 బండ్లే. అంతటి కారు కూడా గరాజుల్లో కుంగిపోయింది. ఎందరో యజమానులు విసిగి వాటికి ఇనుప స్ప్రింగులు వేయించుకున్నారు. 1958లో అమెరికాలో మామూలు కార్లకూ గాలి సస్పెన్షన్ ఇవ్వజూపిన కంపెనీలు త్వరలోనే ఆ ముచ్చట మానుకున్నాయి. స్ప్రింగులు వేసుకున్న బండ్లు రోడ్డు మీద మిగిలాయి, వాటి నడక మాత్రం పోయింది.

మామ స్ప్రింగులకు ఒప్పుకోలేదు. "గా నడక లేకపోతే ఇది నాకెందుకు?" అన్నాడు. తప్పన్నవాళ్లు ఉన్నారు. నేను అనలేను. నడుము నొప్పితో ముప్పై ఏళ్లు లారీల్లో తిరిగిన మనిషి, తనకు దొరికిన ఒక్క మెత్తదనాన్ని ఇనుముకు మార్చుకోలేకపోయాడు. ఈసారి అన్నీ ఒకేసారి, సరిగ్గా చేయించాలని నిర్ణయించుకున్నాడు. నాలుగు తిత్తులు, కంప్రెసరు, వాల్వ్ బ్లాకు. దసరా దాటాక డబ్బు పక్కన పెట్టడం మొదలుపెట్టాడు. రెండేళ్లు ఆలస్యంగా, కానీ చిట్టచివరికి, సరైన మాట ఆయన నోట వచ్చింది.

2016 నవంబర్ 8 రాత్రి అయిదు వందల, వెయ్యి నోట్లు రద్దయ్యాయి. మిల్లు బీరువాలో కారు కోసం దాచిన నోట్లన్నీ అవే. బ్యాంకులో వేయవచ్చు, వేశాడు. కానీ చేతికి వచ్చే కొత్త నోట్లు కొన్నే, అవతల హమాలీల కూలి, బయట వడ్లతో నిలబడ్డ రైతులు. ఉన్న ప్రతి రూపాయీ వాళ్లకే పోయింది. అలా పోవడమే న్యాయం. కారు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

వేళ తప్పి పోయిన కథ మా బండిదొక్కటే కాదు. జర్మనీలో గాలి సస్పెన్షన్‌తో వచ్చిన మొదటి కారును 1960లో బ్రెమెన్ నగరంలో బోర్గ్‌వార్డ్ కంపెనీ చేసింది. మరుసటి ఏడే, 1961లో, ఆ కంపెనీ కుప్పకూలింది. స్థాపకుడు కార్ల్ బోర్గ్‌వార్డ్ 1963లో కన్నుమూశాడు. ఆ తర్వాత లెక్కలు తేలితే అప్పులవాళ్లకు దాదాపు మొత్తం ముట్టింది. చేతికి అందాల్సిన సాయం వేళకు అందక, బతకగలిగిన కంపెనీ చచ్చిపోయింది. గాలి మీద నిలబడ్డ ఆ తొలి బండికీ, మా మిల్లు వెనకటి బండికీ నాకు ఒకే దుఃఖం కనిపిస్తుంది. రెంటికీ వైద్యం ఉంది, వేళే లేకపోయింది.

మా బండి తర్వాతి కథ పతనం కూడా కాదు, పడి ఉండటం. పొట్ట నేలకానిన బండి కిందికి ఎలుకలకు మంచి చాటు దొరికింది. ఊక వెచ్చదనానికి వచ్చినవి వైర్లు కొరికాయి. మడ్‌గార్డులు టైర్ల మీద కూర్చుని, టైర్లు ఒకే చోట నలిగి పగిలాయి. 2017లో పదిహేనేళ్లు నిండి రిజిస్ట్రేషన్ గడువు తీరింది. మళ్లీ రాయించాలంటే బండి తన కాళ్ల మీద ఆఫీసుకు పోవాలి. డ్రైవరు మాత్రం వారానికోసారి గుడ్డతో తుడిచాడు. ఎవరూ చెప్పలేదు. మిల్లు పనిలో మరో బండి నడుపుతూ, సాయంత్రం ఇటు వచ్చి అద్దాల మీది ఊక దుమ్ము తుడిచి పోయేవాడు.

2019లో తూకం మనుషులు వచ్చారు. జాకీ పెడదామంటే కిందికి దూరలేదు. తోద్దామంటే చక్రాలు కదలలేదు. చివరికి జేసీబీ పిలిపించి, ముందు కొక్కానికి గొలుసు వేసి, షెడ్డులోంచి బయటికి ఈడ్చారు. స్పీడ్ బ్రేకరు మీద కూడా లోపలివాళ్లను కదలనివ్వని బండి, మిల్లు గచ్చు మీద నిప్పురవ్వలు రాలుస్తూ పోయింది. గ్యాస్ కటింగు మొదలయ్యే ముందు డ్రైవరు లోపలికి వంగి, ఎత్తు పెంచే మీట ఒక్కసారి నొక్కి వచ్చాడు. మామ ఆఫీసు గదిలోంచి బయటికి రాలేదు.

మూలన పడ్డ కార్లన్నీ ఇలా తూకానికే పోలేదు. పాలమూరుకు మహబూబ్‌నగర్ అన్న పేరు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ మీద వచ్చింది. ఆయన చేయించుకోబోయిన పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఇంగ్లండు నుంచి రాకముందే, 1911లో ఆయన కన్నుమూశాడు. కారు వచ్చింది, చాలా కొద్దిగా నడిచింది, ఏళ్లకేళ్లు మూలన పడి ఉంది. అయినా అది ఈ రోజు హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో చక్కగా నిలబడి ఉంది. దాని కింద ఉన్నవి కమాన్ పట్టీలు, మూలన పడి ఉన్నా గాలి పోయి కుంగనివి. అంతకంటే ముఖ్యం, దాన్ని బాగు చేయాలని ఎవరో ఒక రోజు పూనుకున్నారు.

నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఇంకా ఎన్నో షెడ్లలో ఇటువంటి బండ్లు ఉన్నాయి. పొద్దున్నే మీ బండి ఒక మూల కొంచెం వంగి కనిపిస్తే, తాళం తిప్పగానే లేచిందని ఊరట పడకండి. సబ్బునీళ్లు చల్లి చూడండి. చిల్లు దొరికితే ముందు దాన్నే మార్చండి, మోటారు సంగతి తర్వాత. కుంగిన బండి కిందికి మాత్రం స్టాండ్లు పెట్టనిదే దూరకండి. మీ డ్రైవరు నవ్వకపోతే ఎందుకు నవ్వలేదో అడగండి.

మామ ఇప్పుడు మిల్లులో ఎవరైనా "రేపు చూద్దాం సేటూ" అంటే ఊరుకోడు. పాన వాళ్ల చేతిలోంచి తీసుకుని తానే బిగిస్తాడు. మంచి గుణమని అందరూ మెచ్చుకుంటారు. నేను మెచ్చుకోలేను. ఆ గుణం ఆయనలో ముందు నుంచీ ఉంది, సార్టెక్సు దగ్గర రోజూ చూసిందే. అది షెడ్డు దాకా రావడానికి అంత మంచి బండి పోవాల్సిన పని లేదు.